అప్పు చేయకుండానే ఇంటికి కళ

శెనక్కాయ పీకి, కాయ విడిపించి, కట్టె వామి వేశాక రైతుకు కొంచెం ఊపిరి దొరుకుతుంది. అప్పుడు గుర్తొస్తుంది ఇల్లు. ధనుర్మాసం ముగ్గులు, వెనకే సంక్రాంతి, ఆ తర్వాత మాఘమాసంలో లగ్గాలు. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే చెప్పనే అక్కర్లేదు. "వచ్చేవాళ్ళు ఇల్లు చూస్తారు. ఈ గోడలు చూస్తే ఏమనుకుంటారు?" అనే మాట ఏదో ఒక రాత్రి అన్నం దగ్గర వస్తుంది. మరునాడు మేస్త్రీని పిలుస్తారు. మట్టి గోడకు సిమెంటు పూత, పైన రంగు, కింద టైల్సు అని ఆయన లెక్క చెబుతాడు. ఆ లెక్క ఎక్కువసార్లు లక్ష దగ్గర మొదలవుతుంది.

ఆ లక్ష ఎక్కడిది? నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,000, ఏడాదికి 24,000. 3 రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 36,000. అసలు అలాగే ఉంటుంది. మీకున్న మూడెకరాల మెట్టలో ఖర్చులు పోను అంత మిగిలిన సంవత్సరాలు ఎన్ని ఉన్నాయో మీరే వేళ్ళ మీద లెక్క వేసుకోండి. పెళ్ళి ఖర్చు ఎటూ తప్పదు. దానికి ముందే గోడల కోసం ఇంకో అప్పు ఎందుకని మా ప్రశ్న.

మీ ఊర్లో "పెద్దిల్లు" అని పిలిచే పాత ఇల్లు ఒకటి ఉంటుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు నిలబడి చూడండి. దాని గోడలు కూడా రాయీ, మట్టే. పైన మట్టి మిద్దే. సిమెంటు చాలా చోట్ల ఉండదు. అయినా దర్జాగా కనిపిస్తుంది. ఎందుకు? గోడ తెల్లగా ఉంటుంది. కింద ఎర్ర పట్టీ తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. అరుగు మీద మనుషులు కూర్చోవడానికి చోటు ఉంటుంది కానీ మూటలు, మడకలు, పాత టైర్లు ఉండవు. తలుపు నల్లగా నిగనిగలాడుతుంది. వాకిట్లో నీళ్ళు నిలవవు. ఈ అయిదింట్లో డబ్బుతోనే అయ్యేది ఒక్కటి కూడా లేదు.

పూర్తిగా పైసా ఖర్చు లేదని చెప్పం. సున్నం కొనాలి, కాస్త బంక కొనాలి. మిగతాదంతా చేలోనో, గట్టు మీదో, ఇంట్లోనో దొరికేదే. అయితే ఇంకో మాట. ఖర్చు లేదంటే ఆడవాళ్ళ రెక్కల కష్టానికి ఖరీదు లేదని కాదు. మన్ను తవ్వి తేవడం, తొక్కడం, సున్నం కలపడం, నిచ్చెన ఎక్కడం మగవాళ్ళు చేయాలి. రెండు గదులు, ఒక వసారా ఉన్న ఇంటికి నలుగురు కలిస్తే సుమారు వారం పని.

ముందు బయటికి తీయండి

ఒక పొద్దు పెట్టుకుని ఇంట్లో ఉన్నదంతా వాకిట్లోకి తెచ్చి పెట్టండి. అప్పుడు తెలుస్తుంది మనం ఎంత చెత్తతో కాపురం చేస్తున్నామో. గోడకు పాత క్యాలెండర్లు ఆరేడు ఉంటాయి. విత్తనాల కంపెనీది ఒకటి, ఎరువుల అంగడిది ఒకటి, నిరుటిది ఒకటి, మొన్నటేడుది ఒకటి. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. మేకులు కూడా పీకి, ఆ కంతల్లో మన్ను పూడ్చండి. దేవుడి పటాలు గోడకొకటి కాకుండా ఒకే వరసలో, ఒకే ఎత్తులో పెట్టండి. ఈ ఒక్క పనితోనే గది సగం మారిపోతుంది.

మూలన ఉన్న పురుగుమందుల డబ్బాలు మళ్ళీ లోపలికి పోకూడదు. ఇంటి అందం మాట తర్వాత, పసిపిల్లలు తిరిగే చోటది. మనుషులు పడుకునే గదికి, వంట చేసే చోటుకి దూరంగా తాళం వేసే పెట్టెలో పెట్టండి. ఖాళీ డబ్బాలను కడిగి కిరసనాయిలుకో, నీళ్ళకో వాడే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉంది. వాటికి చిల్లులు పొడిచి ఎందుకూ పనికిరాకుండా చేయండి.

విత్తనం కాయల మూటలు ఇంట్లోనే పెట్టుకోక తప్పదు. గోడకు ఆనించి మాత్రం పెట్టవద్దు. కింద చెక్కలు వేసి, గోడకు మూరెడు దూరంలో వరసగా పేర్చండి. దీనివల్ల చూపుకు బాగుండటమే కాదు, గోడ చెమ్మ కాయకు పట్టదు. చెమ్మ పట్టిన కాయకు బూజు వస్తుంది. ఆ బూజుతోనే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కాయలో తేమ 8, 9 శాతానికి మించకూడదు. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి. అలా అనకపోతే ఇంకో రెండు రోజులు ఎండబెట్టాకే మూట కట్టండి.

మిద్దె చూశాకే గోడ

లోపల గోడ మీద గోధుమ రంగు చారలు దిగి ఉంటే మిద్దె కారుతోందని అర్థం. దాని మీద ఎన్నిసార్లు సున్నం కొట్టినా చార మళ్ళీ పైకి తేలుతుంది. ముందు మిద్దె ఎక్కి చూడండి. పిట్టగోడ మొదట్లో పగుళ్ళున్నాయేమో, దోనెలో ఆకులు అడ్డం పడ్డాయేమో, మొక్కలు మొలిచాయేమో చూసి సరిచేయండి. మన పెద్దవాళ్ళు వానలకు ముందు మిద్దె మీద చౌడు మన్ను పరిచేవారు. అందులో కిటుకుంది. చౌడులో సోడియం ఎక్కువ. తడిసినప్పుడు ఆ మట్టి రేణువులు విడిపోయి, సన్నని కంతల్లోకి దిగి పూడ్చేస్తాయి. నీళ్ళు కిందికి ఇంకవు. చేనుకు శాపమైన గుణమే మిద్దెకు వరమైంది. తొలకరికి ముందు ఈ పని మరిచిపోవద్దు.

మిద్దెలోని గవాచి ఎప్పుడో మూసేసి ఉంటే తెరవండి. అద్దం ఉంటే సబ్బు నీళ్ళతో కడగండి. చీకటి గదిలో ఎంత మంచి సామాను పెట్టినా పేదగానే కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగోడ తెల్లగా ఉంటే ఆ వెలుతురు తిరిగి గదంతా పరుచుకుంటుంది. అందుకే సున్నం తక్కువ పడితే ముందు ఆ గోడకు కొట్టండి.

మట్టి గోడకు సిమెంటు వద్దు

ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. మట్టి గోడ వానాకాలం కాస్త చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం ఆరి సర్దుకుంటుంది. సిమెంటు పూత అలా కదలదు. రెండింటికీ పొత్తు కుదరదు. ఒకటి రెండు వానలకే సన్నని పగుళ్ళు వస్తాయి. ఆ పగుళ్ళలోంచి నీరు లోపలికి పోతుంది. సిమెంటు అడ్డుగా ఉండటంతో అది బయటికి ఆరదు. లోపల మన్ను మెత్తబడుతుంది. ఒకరోజు పూత రేకులు రేకులుగా ఊడిపడుతుంది, దానితోపాటు గోడ మన్నూ రాలుతుంది. నిగనిగలాడే ఆయిల్ పెయింటు మట్టి గోడ మీద వేసినా ఇదే తంతు. బుడగలు లేచి పొక్కులు పోతుంది. అప్పు తీరకముందే పూత రాలిపోయిన ఇళ్ళు మీరూ చూసే ఉంటారు.

మట్టి గోడకు మట్టి పూతే సరైనది. ఎర్రమన్ను జల్లించి, ఇసుక కలిపి, వేలెడు ముక్కలుగా నరికిన వరిగడ్డో, కొర్ర గడ్డో వేసి నీళ్ళతో తొక్కి కుప్ప వేయండి. వారం రోజులు రోజూ కాస్త నీళ్ళు చల్లి తొక్కుతుండాలి. గడ్డి మెత్తబడి, కొంచెం వాసన కూడా వస్తుంది. ముక్కు మూసుకోండి కానీ పారేయకండి, అప్పుడే అది జిగురు పట్టింది. ఇసుక ఎంత అన్నదానికి ఒకే కొలత లేదు, ఒక్కో ఊరి మన్ను ఒక్కో రకం. అరచేయంత పూత గోడకు పూసి రెండు రోజులు ఆరనివ్వండి. పగిలితే ఇసుక పెంచాలి. చేత్తో రాస్తే పొడిగా రాలితే మన్ను పెంచాలి. గోడ మీద పాత పెచ్చులు గీకి, నీళ్ళు చల్లి తడిపాకే పూయాలి. పొడి గోడ మీద పూస్తే పట్టదు. బాగా ఆరాక పేడ, సన్నమన్ను కలిపి పలచగా అలికితే పైభాగం నున్నగా వస్తుంది.

సున్నం సంగతి

పొయ్యి ఉన్న గదిలో గోడలు పొగచూరి ఉంటాయి. నేరుగా సున్నం కొడితే పసుపు మచ్చలు పైకి వస్తాయి. ముందు మసి గీకి, తడి గుడ్డతో తుడిచి, ఒకసారి పేడమన్ను అలికి ఆరనివ్వండి.

రాయి సున్నం అయితే కిలోకు 5 లీటర్ల నీళ్ళ లెక్క. ముందు తొట్టిలో నీళ్ళు పోసి, అందులో సున్నం రాళ్ళు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ళ మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించడం ప్రమాదం, ఒక్కసారిగా ఉడికి పైకి చిమ్ముతుంది. ఇనుప డ్రమ్మో, మట్టి తొట్టో, సిమెంటు తొట్టో వాడండి. అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది, పలచని ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి వంగిపోతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే చూపుకే ముప్పు.

ఉడికిన సున్నం ఒక రోజంతా ఊరాలి. తర్వాత ముతక గుడ్డలో వడగట్టండి. వడగట్టకుండా కొట్టడం వల్లే చాలా ఇళ్ళల్లో గోడ గరుకుగా, బొబ్బలు బొబ్బలుగా ఉంటుంది. 20 లీటర్ల సున్నపు నీళ్ళకు 80 గ్రాముల తుమ్మ బంక వేడినీళ్ళలో కరిగించి కలిపితే ఆనుకున్న చొక్కాకు తెల్లగా అంటదు. బంక లేకపోతే అన్నం గంజి వాడేవాళ్ళూ ఉన్నారు. చిటికెడు నీలిమందు వేస్తే పచ్చదనం పోయి మల్లెపూవు తెలుపు వస్తుంది. ఎక్కువేస్తే గోడ నీలంగా మారుతుంది, జాగ్రత్త.

కుంచె కూడా కొనక్కర్లేదు. గట్టు మీది కిత్తనార మట్టను నానబెట్టి, దంచి, పీచు తీసి కట్ట కడితే చాలు. దాని రసం ఒంటికి తగిలితే దురద పుడుతుంది, చేతులకు గుడ్డ చుట్టుకోండి. గోడను తడిపి, పలచగా ఒక పూత కొట్టి, అది ఆరాక రెండోది అడ్డంగా కొట్టండి. చిక్కగా ఒకే పూతలో కానిచ్చేద్దాం అనుకుంటే పెచ్చులు లేస్తుంది. కొత్త మట్టి పూతకైతే మూడు పూతలు కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టవద్దు. నిదానంగా ఆరిన సున్నమే గట్టిపడుతుంది.

దారం కొట్టండి

ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. గోడ కింద ఒకటిన్నర అడుగు ఎత్తున ఎర్రమన్ను పట్టీ తీయడం పాత అలవాటు. వాన పడినప్పుడు నేల మీది ఎర్రమన్ను చిమ్మి గోడకు అంటుతుంది. తెల్ల గోడ అయితే మురికిగా కనిపిస్తుంది, ఎర్ర పట్టీ మీద ఆ చిందు తెలియనే తెలియదు. కానీ పట్టీ పైగీత వంకరటింకరగా ఉంటే మొత్తం పని చెడినట్టే.

మేస్త్రీలు చేసే కిటుకు చేయండి. పురికొస దారాన్ని నీలిమందు నీళ్ళలో ముంచండి. గోడ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఒకే ఎత్తులో బిగబట్టండి. మధ్యలో దారాన్ని లాగి వదలండి. టప్‌మని గోడ మీద తిన్నగా గీత పడుతుంది. దాని కిందే రంగు పూయండి. ఎత్తు సమానంగా తెలియాలంటే సన్నని పారదర్శక పైపులో నీళ్ళు నింపి, రెండు చివర్లలో నీటి మట్టం చూసి గుర్తు పెట్టుకోవచ్చు. బోరు పైపులు బిగించేవాళ్ళ దగ్గర అడిగితే ముక్క దొరుకుతుంది. కిటికీల చుట్టూ, తలుపు చుట్టూ నాలుగు వేళ్ళ పట్టీ కూడా ఇలాగే తీస్తే చిన్న కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది.

పట్టీకి ఎర్రమన్నును రాత్రి నానబెట్టి, పైకి తేలిన సన్నటి బురదను మాత్రమే గుడ్డలో వడగట్టి, కాస్త బంక కలిపి వాడాలి. అడుగున దిగిన ఇసుక వద్దు. ముగ్గులేసే చేయి బాగా తిరిగినవాళ్ళు ఇంట్లో ఉంటే ఎర్ర పట్టీ మీద తెల్లగా ఒక వరస తీగ వేయించండి. శ్రీకాకుళం వైపు సవర గిరిజనులు ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఎడిసింగి బొమ్మలను ఇవాళ పట్నాలవాళ్ళు డబ్బిచ్చి కొని గోడకు తగిలించుకుంటున్నారు. వాళ్ళు వాడే రంగులు మీ ఇంట్లోనూ ఉన్నాయి.

పూత లేని ఇటుక గోడలు

పక్కా ఇల్లు మంజూరై, గోడలు, స్లాబు దాకా వచ్చి, పూత దగ్గర డబ్బు ఆగిపోయిన ఇళ్ళు ప్రతి ఊర్లోనూ ఉన్నాయి. "ఇటుకలు కనపడుతున్నాయి, నామోషీ" అని బాధపడతారు. కేరళలో స్థిరపడి వేలమందికి తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టించిన లారీ బేకర్ (1917–2007) ఇటుకకు పూతే అక్కర్లేదనేవాడు. ఆయన కట్టినవాటిలో ఇటుక బయటికి కనిపించేదే ఎక్కువ. 1990లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కాబట్టి నామోషీ ఏమీ లేదు.

కాకపోతే శుభ్రంగా ఉండాలి. ఇటుకల మధ్య బయటికి పొడుచుకొచ్చిన సిమెంటును గీకేయండి. సందులు ఖాళీగా ఉన్నచోట మాత్రం పలచటి సిమెంటు ఇసుక కూరి, సన్నటి ఇనుప ముక్కతో లోపలికి నొక్కి గీత తీయండి. దీన్నే మేస్త్రీలు పాయింటింగ్ అంటారు. గోడంతా పూత వేయడానికి పట్టే సిమెంటులో కొద్దిపాటి సరిపోతుంది. వాన కొట్టే వైపు ముందు చేయండి. లోపలి వైపు నేరుగా ఇటుక మీదే సున్నం కొట్టుకోవచ్చు.

తలుపు, ఇత్తడి

పాత వేపతలుపును, టేకు తలుపును పెయింటు కొట్టి పాడుచేయకండి. కుంకుడు నురగతో పీచు పెట్టి రుద్ది, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, అవిసె నూనె గుడ్డతో పలచగా పట్టించండి. పదినిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. ఇంట్లో ఉంది కదా అని శెనగనూనె రాస్తే అది ఆరదు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె ఆరి పొరకడుతుంది. కానీ ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. దండెం మీద విడివిడిగా ఆరేసి, తర్వాత పారేయండి. గడపకు పసుపు, కుంకుమ మామూలే.

అటక మీద బోర్లించి పెట్టిన ఇత్తడి బిందెలు, గంగాళం కిందికి దించండి. పాత సామాన్ల వాడికి తూకానికి వేయొద్దు. చింతపండు, బూడిదతో తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవండి. తుడవకపోతే నీటి మచ్చలు పడతాయి. పెద్దది నుంచి చిన్నదాకా వరసగా ఒక చెక్క మీద పెట్టండి. వసారాలో అడుగు పెట్టగానే వాటి మీద గవాచి వెలుతురు పడితే వేరే అలంకారం అక్కర్లేదు.

వాకిలి

పేడదిబ్బ ఇంటి ముందుంటే పైన చెప్పిందంతా దండగే. పెరటి వైపుకు మార్చి, గుంట తవ్వి అందులో వేయండి. ఎండకు, వానకు పోయే సారం కూడా మిగులుతుంది. స్నానాల నీళ్ళు వాకిట్లోకి రాకుండా చిన్న కాలవ తీసి అరటి పిలకకో, కరివేపాకు చెట్టుకో మళ్ళించండి. పశువులను కట్టే గుంజలు ఇంటి ద్వారానికి ఎదురుగా కాక పక్కకు ఉండాలి. వాకిలి ఇంటివైపు ఎత్తుగా, వీధివైపు వాలుగా ఉండేలా మన్ను సర్ది, దిమ్మిసతో కొట్టి, కళ్ళాపి చల్లితే గట్టిపడుతుంది.

బంతి మొక్కలు మాత్రం పండగకు రెండున్నర నెలల ముందే వేసుకోవాలి. విత్తిన 60 నుంచి 75 రోజుల్లో పూత వస్తుంది. ఈ ఏడు ఆలస్యమైతే పక్కింట్లో పెరిగిన నారు నాలుగు మొక్కలు అడిగి తెచ్చుకోండి, ఎవరూ కాదనరు. పూలన్నీ దండలకు కోసేయకుండా మంచివి నాలుగు చెట్టు మీదే ఎండనిచ్చి విత్తనం దాచుకోండి. టమాటా వేసేవాళ్ళకు ఆ విత్తనం మళ్ళీ పనికొస్తుంది. కాయతొలిచే పచ్చపురుగు తల్లి బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది కాబట్టి, టమాటా సాళ్ళ మధ్య బంతిని ఎర పంటగా వేస్తారు. టమాటా నారు బంతికంటే ముదిరితే లాభం లేదు. టమాటా పూతకు వచ్చే సమయానికే బంతీ పూయాలి. అందుకని బంతి నారు పదిహేను, ఇరవై రోజులు ముందే పోసుకోండి.